సముద్రం వైపు గది

"రెండూ కావాలంటే కుదరదమ్మా. హోటలు పాయింట్లా, విమానం మైళ్ళా, ఏదో ఒకటి చెప్పండి," అంది బల్లకి అవతల కూర్చున్న కళ్ళజోడు మేడం.

ఆమె భర్త వైపు చూసింది. ఆయన బల్ల మీది పేపర్‌వెయిట్‌ని గుండ్రంగా తిప్పుతున్నాడు. ఏదైనా తేల్చి చెప్పాల్సి వస్తే చేతికి దొరికింది తిప్పడం ఆయనకి అలవాటు. ఇంట్లో అయితే మంచినీళ్ళ గ్లాసు.

ఈ గదికి రావడం ఇది మూడోసారి. మిగతావన్నీ చకచకా తేలిపోయాయి. ఈ పాయింట్ల దగ్గరే బండి ఆగింది.

"నువ్వు చెప్పు," అన్నాడాయన.

"మీరు సంపాదించినవి. మీరే చెప్పండి."

"సంపాదించింది నీకోసమే కదా."

ఆ మాట అబద్ధం కాదు. ఆమె బాధంతా అదే.

ఆయన ఆస్పత్రుల్లో స్కానింగ్ మిషన్లు బాగుచేసే ఇంజనీరు. ఏ ఊళ్ళో మిషను మూలిగినా ఈయన పెట్టె సర్దుకోవాల్సిందే. వీధిలో వాళ్ళు చాటుగా ఆయనకి 'సూట్‌కేసు' అని పేరు కూడా పెట్టారు. పెళ్ళైన కొత్తలో ఆమె ఒక పత్రికలో దీవి బొమ్మ చూపించి, "ఇక్కడికి వెళ్దామండీ" అని అడిగింది. సముద్రం వైపు గది, గోడంత కిటికీ, తెల్లటి దుప్పట్లు. ఆయన జీతానికి అది అందని పండు. కానీ టూరుకి వెళ్ళిన ప్రతిసారీ హోటలు వాళ్ళు ఆయన పేరు మీద పాయింట్లు వేస్తారు, విమానం వాళ్ళు మైళ్ళు వేస్తారు. అవి పోగేస్తే పైసా ఖర్చు లేకుండా ఇద్దరూ వెళ్ళి రావచ్చని ఆయనే కనిపెట్టాడు.

అక్కడే మొదలైంది. పని అయిపోయినా ఏదో వంక చెప్పి ఇంకో రాత్రి ఉండిపోయేవాడు. "ఈ ఒక్క రాత్రే! సముద్రం వైపు గదికి ఇంకొంచెం దగ్గరవుతాం," అనేవాడు ఫోన్లో. మైళ్ళు ఎక్కువ వస్తాయని, తిన్నగా వచ్చే విమానం వదిలి చుట్టూ తిరిగొచ్చేది ఎక్కేవాడు. ఆమెతో కలిసి వెళ్ళడం కోసం ఆమెకి దూరంగా ఉండేవాడు. ఇంటికి చుట్టపుచూపుగా వచ్చేవాడు.

ఆమె మాత్రం గంపెడాశతో వెడల్పు అంచుల గడ్డి టోపీ ఒకటి కొనుక్కుంది. "ఆలూ లేదు చూలూ లేదన్నట్టుంది నీ వరస," అని పక్కింటావిడ నవ్వితే తనూ నవ్వింది. కొన్నాళ్ళకి ఆ నవ్వు పోయింది. ఆమె తల్లి పోయిన రోజున ఆయన చుట్టూ తిరిగొచ్చే విమానంలో ఉన్నాడు. ఆస్పత్రి వరండాలో ఆమె ఒక్కతే కూర్చుంది.

మొన్నామధ్య పాయింట్లూ మైళ్ళూ నిండాయి. "ఇక ఎప్పుడంటే అప్పుడే!" అని ఆయన గుమ్మంలోంచే అరిచాడు. ఆమె పెట్టె అందుకుని, మంచినీళ్ళిచ్చి, ఎదురుగా కూర్చుంది. ఆ రోజు ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. అంతసేపు మాట్లాడుకుని ఎన్నేళ్ళయిందో.

"ఆ టోపీ ఉందా?" అన్నాడాయన ఉన్నట్టుండి.

"ఉంది. ధర చీటీ కూడా ఊడదియ్యలేదు."

మేడం గోడ గడియారం వైపు చూసింది. బయట బెంచీ మీద ఇంకో భార్యాభర్తలు ఎదురుచూస్తున్నారు.

"హోటలే నయం," అన్నాడాయన. "పొద్దున్నే నీకు వంటగొడవ ఉండదు."

"తినే మనిషి ఇంట్లో ఎప్పుడున్నాడని, వంటగొడవ?"

ఆయన తల దించుకున్నాడు. అనవసరంగా అన్నానే అనుకుంది. ఆయన నొచ్చుకోవడం ఇప్పటికీ ఆమెకి ఇష్టం ఉండదు.

"అయినా విమానం లేకుండా దీవికి ఎలా వెళ్ళడం? ఈదుకుంటూనా?" అంది మాట మారుస్తూ.

"విమానం దిగాక పడుకోవడం ఎక్కడ? ఇసకలోనా?"

ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. మేడం కూడా నవ్వు బిగబట్టింది. నవ్వు ఆగాక ఆమె ఆయన వైపే చూసింది. ఈ మనిషి ఇలా పక్కన కూర్చుని నవ్వితే చాలని, ఏ దీవీ అక్కర్లేదని, అప్పుడే ఎందుకు చెప్పలేకపోయానా అనిపించింది.

"హోటలే," అంది చివరికి.

"నిజంగానా? నా మాట మీద కాదుగా?"

"కాదు. ఇన్నేళ్ళూ నన్నొదిలేసి మీరు పడుకున్న గదులు ఎలా ఉంటాయో ఒక్కసారి చూడాలనుంది."

పేపర్‌వెయిట్ ఆగిపోయింది. ఆయన కళ్ళు నిండటం ఆమె చూసింది. చూడనట్టు కిటికీ వైపు తిరిగింది.

"రెండు దిండ్లు అడుగు," అన్నాడు. "ఒక్కటే అయితే తెల్లారేసరికి నీకు మెడ పట్టేస్తుంది."

"అడుగుతాను. మీరు చెవుల్లో దూది మర్చిపోకండి. విమానం దిగేటప్పుడు చెవిపోటని గోల పెడతారు."

"పెట్టుకుంటాను."

మేడం రాసుకుంది. కలానికి మూత పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"అయితే హోటలు మీకు, మైళ్ళు సారుకి, పంపకాల్లో ఇదే ఆఖరిది కాబట్టి, రేపు జడ్జిగారు అడిగితే ఇద్దరం ఇష్టపడే విడిపోతున్నామని చెప్పండి, చాలు," అంది లాయరమ్మ.