నలభై పౌండ్ల గీత

ఇంజనీరు అటు తిరగగానే కాజిమిర్ బకెట్ నీళ్ళు పీపాలో గుమ్మరించాడు.

“ఏం చేస్తున్నావు?” ఎల్ఫ్రీడ గొంతు తగ్గించి అడిగింది.

“మీ ఆయన పరువు కాపాడుతున్నాను వదినా. నువ్వు కాస్త అడ్డంగా నిలబడు.”

మిల్వాకీలోని ఆ బీరు ఫ్యాక్టరీలో పీపాలు నింపి తూచడం కాజిమిర్ పని. పదిహేనేళ్ళుగా అతనికి ఒకటే తెలుసు. ఎక్కువ పౌండ్లు వస్తే మేస్త్రీ భుజం తడతాడు, తగ్గితే తిడతాడు.

బాయిలర్ గదిలో ఈల వేస్తూ తిరుగుతున్న ఆవిరి టర్బైన్‌కు రెక్కలు లేవు. నున్నటి ఉక్కు పళ్ళేల దొంతర, అంతే. ఎల్ఫ్రీడ భర్త రైన్‌హోల్ట్ ఆరేళ్ళు కష్టపడి చేశాడు. మొన్న మార్చిలో పోయాడు. పరీక్షలో నెగ్గితే ఫ్యాక్టరీ దాన్ని అతని పేరుపలకతో సహా ఉంచుకుంటుంది. ఓడితే సాయంత్రానికి పాత ఇనుము బండి ఎక్కిస్తుంది.

ఇంజనీరు థార్న్ పొద్దున్నే చెప్పాడు: “యంత్రంలోంచి బయటికొచ్చే ఆవిరిని చల్లార్చి, ఆ నీళ్ళు గంటసేపు పీపాల్లో పట్టి తూస్తాం. ఒక్కో హార్స్‌పవర్‌కు నలభై పౌండ్లు. అదే గీత.”

నలభై అన్న అంకె తప్ప రైన్‌హోల్ట్ ఇంట్లో ఏమీ చెప్పేవాడు కాదు.

థార్న్ వేగం చూడటానికి వెళ్ళినప్పుడల్లా ఒక బకెట్ పడింది.

“‘ఒరేయ్, నీ పళ్ళేలతో సూపు కూడా కాగదురా’ అని వాణ్ణి ఎన్నిసార్లు ఏడిపించానో. ఆ పాపం కడుక్కుంటున్నా,” అన్నాడు కాజిమిర్.

ఐదో బకెట్ ఎత్తేసరికి ఎల్ఫ్రీడ పిడి పట్టుకుంది.

“చాలు. ఆయన ఎప్పుడూ అరపౌండు కూడా కలిపి చెప్పలేదు.”

“ఆ నిజాయితీ వాడితోనే పోనీ వదినా. యంత్రం మిగలాలా వద్దా?”

“ఆయనతో చాలా పోయింది. ఇదన్నా ఉండనీ.”

గంట మోగింది. థార్న్ పీపాలు తూచి, లెక్క కట్టాడు.

“ఇరవై హార్స్‌పవర్. ఒక్కోదానికి ముప్పై తొమ్మిదిన్నర.”

కాజిమిర్ నెత్తి కొట్టుకున్నాడు. “అరపౌండు! ఆ ఒక్క బకెట్ పోయనిచ్చుంటే!”

“ఏ బకెట్?” థార్న్ తలెత్తాడు.

ఎల్ఫ్రీడ ముందుకొచ్చింది. “అందులో నాలుగు బకెట్లు మావి సార్. తీసేయండి. ఓడినా ఆయన అంకెతోనే ఓడాలి.”

“ఒక్కోటీ ఎంత?”

“ఇరవై పౌండ్లు,” అన్నాడు కాజిమిర్ నేల చూస్తూ.

థార్న్ ఆ ఎనభై పౌండ్లు తీసేసి, పాత అంకె కొట్టేసి ముప్పై ఐదున్నర అని రాశాడు. కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుంటూ పడీపడీ నవ్వాడు.

“ఏడుస్తున్నవాళ్ళని చూసి నవ్వుతారేంటి సార్?” అన్నాడు కాజిమిర్.

“ఆ నీళ్ళు యంత్రం చేసిన పని కాదయ్యా, తిన్న తిండి!” థార్న్ ఎల్ఫ్రీడ వైపు చెయ్యి చాచాడు.

“అమ్మా, నలభై దాటితేనే ఓటమి.”