రక్తం చేసే చప్పుడు

"ఆ సంచి ఇవ్వను సార్," అంది టెక్నీషియన్, బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్‌కి అడ్డంగా నిలబడి.

సర్జన్ మొహం కందగడ్డయింది. అవతల ఆపరేషన్ బల్ల మీద మనిషికి రక్తం కారిపోతోంది.

"తీసి నాలుగు రోజులే కదా! నలభై రోజులు నిలవుంటుంది. నీకేమైనా మతిపోయిందా?"

"మిషన్ వద్దంటోంది సార్. ఇందులో ఎర్రకణాలు చచ్చిపోతున్నాయి."

"నిన్నగాక మొన్నొచ్చిన డబ్బా మాట విని నాకే అడ్డం పడతావా?"

ఆమె పరీక్ష చేసి పెట్టిన అదే గ్రూపు సంచులు రెండు ఆయన చేతిలో పెట్టింది. ఆయన తిట్టుకుంటూ పరిగెత్తాడు.

మనిషి బతికాడు. గంటన్నర తర్వాత సర్జన్ మళ్లీ వచ్చాడు, తీరిగ్గా చివాట్లు పెట్టడానికి.

"ఏదీ, నీ డబ్బా గొప్పతనం చూపించు."

ఆమె మంచి రక్తం చుక్క పెట్టి లేజర్ వేసింది. "కాంతి తగలగానే కణాలు చప్పుడు చేస్తాయి సార్. మన చెవికి ఆనదు, మిషన్ వింటుంది. చచ్చే కణం చప్పుడు వేరు."

తెరమీద గీత నున్నగా సాగింది. తర్వాత ఆ సంచిలోది పెట్టింది. గీత చెల్లాచెదురైపోయింది.

"ఫ్రిజ్ పాడైందేమో?"

"పక్కనున్న ఇరవై సంచులూ బాగున్నాయి."

"సంచికి చిల్లేమో?"

"లేదు సార్. మూడుసార్లు చూశాను."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. కోపం ఎటు పోయిందో! "అయితే లోపం సంచిది కాదు, మనిషిది. ఒంట్లోనే చస్తున్నాయన్నమాట. ఎవరిచ్చారు?"

"పేర్లు మాకు కనపడవు సార్. వయసు పందొమ్మిది. కాలేజీలో తీశాం. ఫోన్ నంబరుంది."

"పందొమ్మిదేనా! పాపం, ఎవరి పిల్లలో. ఇంట్లోవాళ్లకి తెలిసి కూడా ఉండదు. ఈ పూటే తెచ్చి చేర్పించాలి. నంబరు చెప్పు, నేనే మాట్లాడతా."

"మీకెందుకు సార్, నేను..."

"నువ్వు చెబితే బెంబేలెత్తిపోతారు. నాకు అలవాటే. చెప్పు."

ఆమె కంప్యూటర్లో చూసి ఒక్కో అంకే చదివింది. ఆయన తన ఫోన్లో నొక్కుతూ పోయాడు. ఏడో అంకె దగ్గర వేలు ఆగిపోయింది.

"సార్, ఇంకా మూడున్నాయి."

ఆయనకి వినపడలేదు. మిగతా అంకెలు అడక్కుండానే ఫోను పేరు చూపించేసింది: 'మా అమ్మాయి'.