వచ్చేదానికి బొట్టు

పాత డిస్కులో ఉన్న సర్టిఫికెట్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి.

ల్యాప్‌టాప్ వెనక మూత విప్పాలి. బ్యాటరీ తీగ తియ్యాలి.

వేగంగా నడిచే కొత్త డిస్కు, ఎస్‌ఎస్‌డీ, బిగించాలి. విండోస్ వెయ్యాలి.

అమ్మకి బీపీ మాత్రలు తేవాలి.

ఇవన్నీ సోమవారంలోపు అయిపోవాలి. సోమవారం పొద్దున నా మొదటి ఉద్యోగం మొదలవుతుంది. ఇంటి నుంచే పని. కంపెనీ వాళ్ళ సాఫ్ట్‌వేర్ ముందు మన ల్యాప్‌టాప్ వేగాన్ని పరీక్షిస్తుంది. అందులో నెగ్గకపోతే నా చోటు వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్ళకి ఇస్తామని మెయిల్‌లోనే రాశారు.

నా పాత డిస్కు తెరుచుకునేలోపు టీ కాచుకుని తాగెయ్యొచ్చు.

శనివారం పొద్దున పాతది అలాగే ఉంచి, ఖాళీగా ఉన్న స్లాటులో కొత్తది బిగించి ఆన్ చేశాను. తెర మీద పాత డిస్కు పేరు ఒక్కటే వచ్చింది. కొత్తదాని ఊసే లేదు.

తీసి మళ్ళీ పెట్టాను. లేదు.

ల్యాప్‌టాప్ ఆన్ కాగానే ముందు నడిచే బయోస్‌లో ఉన్న సెట్టింగులన్నీ వెతికాను. కొత్త బయోస్ నెట్ నుంచి దించి వేశాను. అయినా లేదు.

కొత్త డ్రైవ్ ఒక్కటీ జేబురుమాల్లో చుట్టుకుని, బస్టాండు దగ్గర రిపేరు షాపు నడిపే ఉమామహేష్ అన్న దగ్గరికి వెళ్ళాను.

"ఇందులో రెండు రకాలుంటాయి చెల్లెమ్మా. సాటా ఒకటి, ఎన్‌వీఎంఈ ఒకటి. సూడ్డానికి కవల పిల్లల్లాగుంటాయి. దాని సోట్లో ఇది పెడితే పలకదు. సూసే కొన్నావా?"

"చూసే కొన్నానన్నా. మాన్యువల్లో ఎన్‌వీఎంఈ అనే ఉంది."

"ఇంజినీరింగ్ సదివిన గుంటకి నేను పాఠం సెప్తన్నాను, సూడు."

నవ్వుతూనే దాన్ని తన ల్యాప్‌టాప్‌లో పెట్టాడు. వెంటనే కనిపించింది.

నవ్వు ఆపేశాడు.

"డ్రైవ్ బానే ఉంది. నీ స్లాటే పోయినట్టుంది. బోర్డు మార్చాల. వైజాగ్ నించి తెప్పించాల. వారం పడతాది."

"సోమవారానికి కావాలన్నా."

ఆయన డ్రైవ్‌ని మళ్ళీ నా రుమాల్లోనే చుట్టి ఇచ్చాడు.

ఇంటికొచ్చి, మూత తీసి ఉన్న ల్యాప్‌టాప్‌ని అరుగు మీద ఎండలో పెట్టి వంచి చూశాను.

స్లాటు లోపల పిన్నుల మధ్య ఏదో ఎండి అతుక్కుని ఉంది. తుప్పు అనుకున్నాను. సూదితో గీరి వాసన చూశాను.

పసుపు. మధ్యలో చిటికెడు కుంకుమ.

"అమ్మా!"

అమ్మ చేటలో బియ్యం ఏరుకుంటూ వచ్చింది. వంగి చూసింది. చేట కింద పెట్టేసింది.

"మీ నాన్నే," అంది.

మా నాన్న పేరు దాసు. మా చోడవరంలోనే, మాడుగుల రోడ్డులో ఒక బెల్లం గానుగ దగ్గర ఇంజను చూసేవాడు. దసరాకి ఇంజనుకి, పానాలకి, నా సైకిలుకి కూడా బొట్టు పెట్టేవాడు. అందరిలా పైరేకు మీద పెట్టేవాడు కాదు. మూత తీసి లోపల పెట్టేవాడు. పని చేసేది లోపలిది కదా అనేవాడు.

నిరుడు దసరా రోజున ర్యామ్ మార్చడానికి ల్యాప్‌టాప్ విప్పుకుని కూర్చున్నాను. నాన్న పసుపు గిన్నెతో వచ్చి పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

"ఒసే హేమా, ఇందులో ఇంజనేదే?"

"ఇంజనూ లేదు, గింజనూ లేదు. లోపలేమీ పెట్టకు నాన్నా, పాడైపోతుంది."

"ఈ సోటేటి మరి, ఖాళీగా ఉంది?"

"ఉద్యోగం వచ్చేక కొత్త డిస్కు కొనుక్కుని అక్కడ పెడతాను."

"వస్తాదిలే."

బొట్టు మూత మీదే పెట్టించాను. అన్నానికి అమ్మ పిలిస్తే లేచి లోపలికెళ్ళాను.

"నువ్వు అన్నం తింతంటే పెట్టేడు," అంది అమ్మ ఇప్పుడు. "నేనొద్దన్నాను. గుంట తిడతాదయ్యా అన్నాను. దీనికి కాదే, వచ్చేదానికి పెడతన్నాను అన్నాడు. నీకు సెప్పొద్దన్నాడు."

నాన్న మాఘమాసంలో పోయాడు. నా ఉద్యోగం చైత్రంలో వచ్చింది.

మందుల షాపుకెళ్ళి స్పిరిట్, దూది తెచ్చాను. మెత్తటి బ్రష్షు పక్కన పెట్టుకున్నాను. అన్నీ ఉన్నాయి. చెయ్యే కదల్లేదు.

అమ్మ కాసేపు చూసింది.

"తుడిసెయ్యమ్మా," అంది. "నాదే తుడిసేసేరు. దాందేటి."

తుడిచాను.

పిన్నులు మెరిశాయి. కింద తెల్ల ప్లాస్టిక్ మీద మరక మాత్రం ఎంత తుడిచినా పోలేదు. అది పనికి అడ్డం కాదు. వదిలేశాను.

స్పిరిట్ ఆరేదాకా ఆగాను.

డ్రైవ్ పెట్టి, స్క్రూ బిగించి, ఆన్ చేశాను.

తెర మీద రెండు పేర్లు వచ్చాయి.

"వచ్చిందా?"

"వచ్చిందమ్మా."

అమ్మ చేట తీసుకుంది. బియ్యం అప్పటికే సగం ఏరేసినవి. మళ్ళీ మొదటి నుంచి ఏరడం మొదలుపెట్టింది.

బీపీ మాత్రలు తేవడం మర్చిపోయానని అప్పుడు గుర్తొచ్చింది.

ఈసారి దసరాకి మీ ఇంట్లో ఏ బండికో, ఏ మిషనుకో బొట్టు పెట్టేటప్పుడు, చోడవరంలో దాసు అని ఒకాయన ఉండేవాడని ఒక్కసారి తలుచుకోండి. ఆయన ఇంకా రానిదానికి కూడా పెట్టాడు.