ఎగిరేది చూపించమనండి

కారు గేటు ముందు ఆగీ ఆగకముందే ఒక ముసలాయన వచ్చి అద్దం మీద తట్టాడు.

ఫర్నిచర్ షోరూము యజమాని అద్దం సగమే దించాడు. మాసిన చొక్కా, అరిగిన చెప్పులు, గీయని గడ్డం. ఒక్క చూపులో ఆ మనిషి ఖరీదు కట్టేశాడు.

"అమ్మాయిని చేర్చడానికా బాబూ?" అన్నాడు ముసలాయన. "ఇక్కడొద్దు."

యజమానికి చిర్రెత్తుకొచ్చింది.

కూతురికి పైలట్ కావాలని పిచ్చి. మొదట్లో అతను నవ్విపారేశాడు గానీ, పైలట్ తండ్రి అనిపించుకుంటే బావమరిది నోరు మూతపడుతుందని తోచాక తనే కారు తీశాడు. అప్పట్నుంచి ఫ్లయింగ్ స్కూళ్ల చుట్టూ తిరుగుతున్నారు.

ముందురోజు చూసింది ఊరి చివర రేకుల షెడ్డు. కూర్చోమని కుర్చీ వేసిన పాపాన పోలేదు ఎవరూ. ఆయిలు మరకల చేతులతో పిల్లలు విమానాలు తుడుస్తున్నారు. ఒకటి దిగుతుంటే ఇంకొకటి లేస్తోంది. లైసెన్సు గ్యారంటీయేనా అని అతను అడిగితే, ఎగరడం వస్తే వస్తుంది, లేకపోతే రాదని చెప్పి అక్కడి ట్రైనరు తన పనిలో పడ్డాడు.

కూతురికి అక్కడే నచ్చింది. అతనికి ఒళ్లు మండింది. మెకానిక్ షెడ్డులో చేర్చడానికా తను ఇన్నాళ్లు చదివించింది?

"షోరూములో నువ్వే చెప్తావుగా నాన్నా, పాలిష్ చూసి కొనకూడదని," అంది కూతురు.

"అది చెక్క గురించి," అన్నాడు.

ఇప్పుడు ఈ స్కూలు ముందు ఆగారు. నాలుగంతస్తుల అద్దాల భవనం. మనసుకు నచ్చిన చోటికి వస్తే, గేటు దగ్గరే ఈ శకునం.

"నిన్నెవరు పంపారు? ఆ రేకుల షెడ్డువాళ్లేనా?"

"ఎవరూ పంపలేదు. లోపలికెళ్లి ఒక్క విమానం ఎగిరేది చూపించమనండి. ఇంకేం అడగొద్దు."

"ఈ వయసులో కమీషన్ల కోసం రోడ్డు మీద నిలబడటానికి సిగ్గనిపించట్లేదూ?"



"సిగ్గుగా ఉండబట్టే నిలబడ్డాను బాబూ."

యజమాని అద్దం ఎత్తేశాడు. కూతురు మాత్రం వెనక్కి తిరిగి, గేటు మూసుకునేదాకా ఆయన్నే చూసింది.

లోపల చల్లగా ఉంది. డైరెక్టరు స్వయంగా ఎదురొచ్చి కాఫీ ఇప్పించాడు. భుజాల మీద బంగారు చారల యూనిఫారం చూపించాడు. స్విచ్చి వేస్తే లైట్లు వెలిగే ఉత్తుత్తి కాక్‌పిట్‌లో అమ్మాయిని కూర్చోబెట్టి ఫొటో తీయించాడు.

విమానం ఎగిరేది చూడొచ్చా అని కూతురు అడిగింది.

ఇవాళ సర్వీసింగులో ఉన్నాయన్నాడు డైరెక్టరు. ఆ తర్వాత, ఎవరు అడగమన్నారని అడిగాడు. గేటు బయటి ముసలాయన సంగతి యజమానే చెప్పి, అలాంటివాణ్ని పోలీసులకు పట్టిచ్చి నాలుగు తగిలించాలని సలహా కూడా ఇచ్చాడు.

డైరెక్టరు కిటికీలోంచి ఒకసారి కిందికి చూసి, పరదా లాగేశాడు.

"పిచ్చివాడు లెండి. పట్టించుకోకండి."

అక్కడికక్కడే కూతుర్ని చేర్చేసి వచ్చాడు యజమాని.

బావమరిదికి ఫొటో పంపాడు. వారం తిరక్కుండా చుట్టాలందరి ఫోన్లలోనూ ఆ బంగారు చారలే.

విమానాలు మాత్రం లేవలేదు. మొదట వానలన్నారు. తర్వాత ఏదో పార్టు విదేశాల నుంచి రావాలన్నారు. ఆ తర్వాత ఇంజన్లే విప్పేసి ఎక్కడికో తీసుకెళ్లారు. కూతురు ఇస్త్రీ నలగని యూనిఫారంతో వెళ్లి, అలాగే ఇంటికి వచ్చేది. ఓపిక పట్టాలని అతను సర్దిచెప్పేవాడు. ఆ అమ్మాయి అతనితో మాట్లాడటం తగ్గించేసింది.

ఒకరోజు వెళ్లేసరికి గేటుకు తాళం. డైరెక్టరు ఫోను ఆపేసి ఎటో పోయాడు. తల్లిదండ్రులంతా గుంపుగా చేరి ఎవరి తిట్లు వాళ్లు తిట్టారు. అతను అందరికంటే గట్టిగా తిట్టాడు.

కూతురు తిట్టలేదు. మర్నాడు తెల్లవారకముందే బస్సెక్కి రేకుల షెడ్డుకు వెళ్లింది. కుర్చీ ఎవరూ వేయలేదు. గుడ్డముక్క చేతికిచ్చి రెక్కలు తుడవమన్నారట. సాయంత్రం ఇంటికొచ్చి, ఒంటి నిండా మరకలతో కడుపునిండా అన్నం తింది. తమకు మొదటే చెప్పిన ముసలాయనతో ఒక మాట చెప్పి రమ్మని తండ్రిని అడిగింది.

క్షమించమనే మాట అతని నోటికి అలవాటు లేదు. అయినా వెళ్లాడు.

గేటు ముందు ఎండలో పాత వాచ్‌మన్ ఒక్కడే ఉన్నాడు. ముసలాయన ఇక రారని చెప్పాడు. వానల్లో కూడా కదలకుండా నిలబడి జ్వరం తెచ్చుకున్నారట. ఆ జ్వరంతోనే పోయారట. తన మాట విని ఒక్కరు కారు వెనక్కి తిప్పినా ఆ పూట ఆయన హాయిగా తినేవారట.

యజమానికి కనీసం వాళ్ల ఇంటికెళ్లి పలకరిద్దామనిపించింది.

"పిల్లలెవరైనా ఉన్నారా ఆయనకి?"

"ఒక్కడే కొడుకండీ."

"ఎక్కడుంటాడు?"

వాచ్‌మన్ తాళం వేసిన గేటు వైపు చూశాడు.

"ఆయన కోసమే కదండీ మీరంతా వెతుకుతున్నారు," అన్నాడు మెల్లగా. "మా డైరెక్టరుగారు."