లైట్‌హౌస్ వెలగలేదు

"మేడమ్, లైట్‌హౌస్ వెలగడం లేదు."

కంప్యూటర్ తెర మీద ఆ మాట కనబడగానే పోలీసమ్మ కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"ఇంకోడు దొరికాడు" అంది పక్క సీటతనితో.

ఆమె నిజం పోలీసేం కాదు. వీడియో గేములు అమ్మే కంపెనీలో, కొన్నవాళ్ళ ఫిర్యాదులకు జవాబులు టైపు చేసే ఉద్యోగం. దొంగ కాపీలు ఆడేవాళ్ళని ఇట్టే పసిగడుతుందని ఆఫీసులో అంతా అలా పిలుస్తారు.

పసిగట్టడం పెద్ద విద్యేమీ కాదు. కొత్త గేములో కంపెనీయే ఒక మెలిక పెట్టింది. ఆటంతా తుఫానులో పడవ నడపడం. చివర్లో లైట్‌హౌస్ వెలుగుతుంది, పడవ ఒడ్డు చేరుతుంది. కొనకుండా కాపీ కొట్టినవాడికి మాత్రం అది వెలగదు. వాడు చీకటి సముద్రంలో గిరగిరా తిరగాల్సిందే. వెలగలేదని ఫిర్యాదు చేశాడంటే, దొంగ తనంతట తానే వచ్చి బేడీలకు చేతులు చాచినట్టు.

ఈ ఫిర్యాదుదారు ఆటలో పెట్టుకున్న పేరు 'ముసలి సరంగు'.

"మీది దొంగ కాపీ" అని టైపు చేసింది.

"కాదు మేడమ్. కొన్నాను."

"కొన్నవాళ్ళందరికీ వెలుగుతుంది."

"నాకు వెలగలేదు. పడవ కూడా నత్తనడక నడుస్తోంది. అయినా సర్దుకుని చివరిదాకా తెచ్చాను."

పక్క సీటతను తొంగిచూశాడు. "అబ్బో, దొంగ సరుక్కి వంకలు కూడానా!"

"బిల్లు పంపనా మేడమ్?"

"బిల్లులు కూడా ఇంట్లోనే తయారు చేస్తారు. మాకు తెలుసు."

కంపెనీ లెక్కల్లో చూస్తే నిజం తెలిసేదే. కానీ లైట్‌హౌస్ మాటెత్తినవాళ్ళ కోసం అంత శ్రమ పడక్కర్లేదని పైవాళ్ళు చెప్పారు.

"నా జీవితంలో ఒక గేము కొనడం ఇదే మొదటిసారి మేడమ్."

"అంటే ఇన్నాళ్ళూ కాపీలేనన్నమాట!"

"అవును మేడమ్. కానీ ఇది కొన్నాను."

పక్క సీటతను బల్ల చరిచి నవ్వాడు. పోలీసమ్మ నవ్వలేదు. దొంగ కాపీ అన్న మాట వింటేనే ఆమెకు ఒళ్ళు మండుతుంది. ఎందుకో ఎవరికీ చెప్పదు.

"ఆట పోతే పోయింది మేడమ్. ఒడ్డు చేరాక మీ కంపెనీలో అందరి పేర్లూ వస్తాయట కదా. అవొక్కటి చూపించండి, చాలు."

"ఆ పేర్లు మా ఇంట్లోవాళ్ళే చూడరు. వీడికెందుకట?" అన్నాడు పక్క సీటతను.

"కొని చూడండి" అని టైపు చేసి, ఆమె ముసలి సరంగు ఖాతా మూసేసింది. అంతటితో ఊరుకోలేదు. అతని మాటలు ప్రింటు తీసి, గోడ మీద 'ఈ వారం దొంగ' అని రాసిన బోర్డుకి గుచ్చింది.

మర్నాడు ఇంజనీరు పరుగున వచ్చాడు. ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

"దొంగల కోసం పెట్టిన మెలిక కొన్నవాళ్ళ మెడకే చుట్టుకుంది. కంప్యూటర్ కాస్త పాతదైతే చాలు, లైట్‌హౌస్ ఆరిపోతోంది."

"అదెలా?" అంది పోలీసమ్మ.

"ఇది టీవీకి తగిలించుకుని ఆడే పెట్టె కోసం చేసిన గేము. కంప్యూటర్‌కి మార్చే పని ఎవరికో చవగ్గా అప్పజెప్పి, తొందరపెట్టి చేయించారు. ఆట నెమ్మదిగా నడిస్తే చాలు, దొంగ కాపీ అనుకుంటోంది."

"మరి అసలు దొంగలకి?"

"వాళ్ళు ఆ మెలిక పీకేసి హాయిగా ఆడుకుంటున్నారు. వాళ్ళకి భేషుగ్గా వెలుగుతోంది."

ఇంజనీరు వెనకే వచ్చిన మేనేజరు గొంతు తగ్గించాడు. "గుట్టుచప్పుడు కాకుండా సరిచేసేయండి. క్షమాపణలూ గిమాపణలూ వద్దు. కంప్యూటర్ మీద ఆడేవాళ్ళు ఎలాగూ దొంగలేగా."

పోలీసమ్మ లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. బోర్డు మీది కాగితం పీకి మళ్ళీ చదువుకుంది. అవును మేడమ్. కానీ ఇది కొన్నాను. సిగ్గుతో ఆమె తల వాలిపోయింది.

ఖాతా తెరవబోయింది. మూసేసిన ఖాతాలు మర్నాటికి ఆనవాలు లేకుండా చెరిగిపోతాయి. ఆ సరంగు ఎవరో, ఎక్కడుంటాడో తెలుసుకునే దారే లేదు. కనబడితే కాళ్ళ మీద పడదామన్నంత బాధ కలిగింది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి తండ్రి తన పాత కంప్యూటర్ తీగలు ఊడదీస్తున్నాడు.

ఒకప్పుడు ఆయన ఫుట్‌పాత్ మీద కాపీ సీడీలు అమ్మేవాడు. ఆ కంప్యూటర్ మీదే కాపీ చేసేవాడు. బళ్ళో 'సీడీ దొంగ కూతురు' అనిపించుకుని ఏడ్చిన రోజులు ఆమె మరచిపోలేదు. ఉద్యోగం రాగానే పంతం పట్టి ఆ వ్యాపారం మాన్పించింది.

"ఎందుకు నాన్నా ఊడదీస్తున్నావు?"

"ఎవరికైనా ఇచ్చేద్దామని చిట్టీ. నాకెందుకులే ఇంక."

"ఏమైంది? నిజం చెప్పు."

ఆయన తీగ చుడుతూ ఉండిపోయాడు. తలెత్తలేదు.

"చివర్లో నీ పేరు పడుతుందంటే మీ గేము కొన్నానమ్మా. కిందా మీదా పడి ఒడ్డు దాకా తెచ్చాను. లైట్‌హౌస్ వెలగలేదు. మీ ఆఫీసులో ఎవరో మేడమ్‌ని అడిగితే, నువ్వు దొంగవి అంది."

ఆమె ఆయన చేతిలోని తీగ పట్టుకుంది.

"ఆవిడ తప్పేం లేదులే. నీకు చెబుదామనే అనుకున్నాను గానీ, నువ్వూ అదే మాట అంటావేమోనని భయమేసిందమ్మా."