మా వైపు కిటికీ

హాలు యజమానిగారికి,

నా రాత కోడి గెలికినట్టుంటుంది, తప్పులు మన్నించండి.

మీ పాటల హాలు వచ్చాకే మా బజారులో మూతపడ్డ కొట్లన్నీ తెరుచుకున్నాయి. కాదనను. కానీ మా పడకగది పక్క గోడకు మీరు చేసిన పనికి ఒళ్లు మండిపోతోంది. మంచం దిగలేని నా భార్య ఏమైపోవాలి?

మీ మేనేజరును అడిగేశాను.

“చప్పుడు రాకుండా గోడంతా దూది కూరించాం కదా తాతా! ఇంకా ఏంటి నీ గోల?”

“అదే నా గోల!” అన్నాను.

మొన్నటిదాకా ఆవిడ మంచం మీంచే మీ డ్రమ్ములవాణ్ణి తిట్టేది. “అన్నం తినలేదేంట్రా, చెయ్యి లేవట్లేదు!” అని పకపకా నవ్వేది. ఇప్పుడు ఆ గోడకేసి చూస్తూ ఉంటోంది. నన్ను కూడా తిట్టడం లేదు.

మా వైపు ఒక్క కిటికీ పెట్టించండి. వెంటనే జవాబు రాయండి.