తెర వెనక రెండు స్పీకర్లు

"ఈ డొక్కు స్పీకర్లో విని నేర్చుకుంటే మా పిల్ల పాటల పోటీలో ఓడిపోదూ! మా తోడికోడలు చూడండి, కూతురికి అదిగో అలాంటిది కొనిచ్చింది," అంది తల్లి, షాపులోని కొత్త స్పీకరును చూపిస్తూ.

మెకానిక్ రెండింటినీ తెర వెనక పెట్టి, మీటరు చూసి శబ్దం సమానం చేశాడు. "కొత్తవాళ్లకి గట్టిగా మోగేదే మంచిదనిపిస్తుందమ్మా. ఇప్పుడు వినండి."

ఒకే పాట ఒకదాని తర్వాత ఒకటిగా రెండింట్లోనూ మోగింది.

"రెండోదే కొత్తది! ఎంత తేటగా ఉందో." ఆవిడకి కడుపు మండిపోయింది. "వాళ్లకేం, అన్నీ అమరుతాయి."

మెకానిక్ తెర తీశాడు. రెండోది ఆవిడ తెచ్చిన డొక్కుదే.

పక్కనే ఉన్న కూతురు తల్లి చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది.

"అమ్మా, పెద్దమ్మ కూతుర్నీ, నన్నూ కూడా ఒకసారి ఇలాగే తెర వెనక నించోబెట్టి వినవా?"